బానెట్ హింజ్‌లకు అంత డబ్బు పెట్టాలా?

పాత బండ్లు – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్ 2ను గాజువాక ఆటోనగర్‌లో రంగుకు ఇచ్చాం. బానెట్ మూస్తే కుడి వెనక మూల కౌల్ (ముందు అద్దం కింది రేకు) మీద సుమారు 8 మి.మీ. పైకి లేచి ఉంటోంది. ఎడమ పక్క ఫెండర్‌కు రాసుకుంటోంది. హింజ్‌లు (బానెట్ తెరుచుకునే బందులు) పోయాయి, మార్చేయమంటున్నారు. కంప్యూటర్ మెషీన్‌తో లోహం కోసే ఒక సీఎన్‌సీ షాపువాళ్లు అల్యూమినియం దిమ్మె నుంచి కోసి, గ్యాస్ స్ట్రట్‌లతో (బానెట్‌ను ఎత్తి పట్టే గ్యాస్ గొట్టాలు) కలిపి 38 వేలకు చేసిస్తామన్నారు. లేత్ దగ్గరి పెద్దాయన మాత్రం పాతవే బాగుచేస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలండీ?
— ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: లేత్ పెద్దాయన మాటే వినండి. కాకపోతే హింజ్‌లు ఆయన చేతిలో పెట్టే ముందు తప్పు నిజంగా వాటిలోనే ఉందో లేదో తేల్చుకోండి. బానెట్ సరిగ్గా కూర్చోకపోతే అందరి చూపూ ముందు హింజ్ మీదకే పోతుంది. మీరు చెప్పిన లక్షణాలు రెండూ కలిపి చూస్తే మాత్రం బాడీలోనే ఏదో పక్కకు జరిగిందన్న అనుమానం బలంగా ఉంది. ఒక మూల లేచి, ఎదుటి పక్క రాసుకుంటోందంటే బానెట్ మొత్తంగా తిరిగిందన్నమాట. 38 వేల హింజ్ బిగించినా, అది ఆ తిరిగిన చోటే బిగుస్తుంది.

పరీక్ష ఇలా చేయండి. బానెట్ సగం తెరిచి ఒకరు బరువు పట్టుకోవాలి. రెండోవాళ్లు హింజ్ ఆకు (రేకుకు బిగించే పలక), పిన్ను కలిసే చోట వేలు ఆనించి, వెనక మూలను పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ కదపాలి. వేలి కింద ఆకు, పిన్ను వేర్వేరుగా కదిలితే హింజ్ అరిగిందని అర్థం. హింజ్ మొత్తం కదులుతూ దాన్ని బిగించిన రేకు కూడా ఊగుతుంటే తప్పు కౌల్ రేకుది. ఏ కదలికా లేకుండా బానెట్ వంకరగా కూర్చుంటోందంటే సర్దుబాటు చెడిందనుకోండి, లేదా బానెట్టే మెలిపడి ఉంటుంది.

విశాఖలో రెండో రకం ఎక్కువ. కౌల్ గాడిలో చెట్ల ఆకులు, ఇసుక చేరి నీళ్లు పోయే దారి మూసుకుపోతుంది. ఉప్పుగాలి తేమ అక్కడే నిలిచి, హింజ్ బోల్టుల వెనకున్న పలక లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో బోల్టు చుట్టూ గట్టిగా నొక్కి చూడండి. రేకు లోపలికి దిగినా, కరకరమన్నా ముందు కొత్త రేకు వేయించి వెల్డింగ్ చేయించాలి. మీ బండి ఇప్పుడు రంగు షాపులోనే ఉంది కాబట్టి ఈ పనికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. రంగు పడ్డాక బయటపడితే ఖర్చు రెండింతలు.

తర్వాత టేపుతో ఐమూలలు కొలవండి. కుడి హింజ్ ముందు బోల్టు నుంచి ఎడమ ఫెండర్ ముందు మూలకు ఒకసారి, ఎడమ హింజ్ నుంచి కుడి మూలకు ఒకసారి. తేడా 3, 4 మి.మీ. దాటితే ఫెండరో, రేడియేటర్ ముందు పలకో పక్కకు జరిగింది. ఎప్పుడో తగిలిన దెబ్బను పుట్టీతో కప్పేసిన బండ్లలో ఇది మామూలే. చివరగా లాచ్ (బానెట్ ముందు గడియ) విప్పేసి బానెట్‌ను మెల్లగా దించి చూడండి. లాచ్ లేనప్పుడు సరిగ్గా కూర్చుంటే దాన్ని పక్కకు లాగుతున్నది లాచే. అదే అయితే హింజ్‌లను అసలు ముట్టుకోనక్కర్లేదు.

ఇన్నీ చూశాక హింజ్ పిన్నులోనే ప్లే (వదులు) ఉందని తేలితే అప్పుడు లేత్ పని. విప్పే ముందు ఒక పని మరిచిపోకండి. హింజ్ ఆకు, బానెట్ రేకు రెండూ కలిసే చోట 3 మి.మీ. డ్రిల్‌తో ఒక్కో బెజ్జం వేయించండి. మళ్లీ బిగించేటప్పుడు ఆ బెజ్జంలో డ్రిల్ బిట్టే దూర్చితే బానెట్ పాత చోటికే వస్తుంది. సర్దుబాటు చెడి ఉన్నా ఎంత జరపాలో కొలుచుకోవడానికి ఒక గుర్తు ఉంటుంది. బోల్టుల చుట్టూ మార్కర్ గీతలు గీస్తే థిన్నర్ తగిలి చెరిగిపోతాయి.

పాత రివెట్ తల గ్రైండ్ చేసి పిన్ను బయటికి కొట్టించండి. ఆకులోని బెజ్జం కోలగా అరిగి ఉంటుంది. దాన్ని 10 మి.మీ.కు రీమ్ చేసి (గుండ్రంగా, నున్నగా పెద్దది చేసి), బయట 10, లోపల 8 మి.మీ. ఉన్న కంచు బుష్ (చిన్న గొట్టం) బిగుతుగా దించాలి. పిన్నును ఈఎన్8 ఉక్కు కడ్డీ నుంచి, బుష్‌లో ఊగకుండా తిరిగేలా టర్నింగ్ చేయించండి. ఆకుల మధ్య 1 మి.మీ. ఇత్తడి వాషర్ పడాలి. ఇనుము ఇనుముతో రాసుకుంటే ఆరు నెలల్లో తుప్పు పొడి రాలడం మొదలవుతుంది. పిన్ను చివర నైలాక్ నట్టు (లోపలి నైలాన్ వల్ల దానంతటది వదులవనిది) పెట్టుకుంటే రేపు మళ్లీ విప్పుకోవచ్చు. కొన్ని చోట్ల బెజ్జంలో వెల్డింగ్ నింపి మళ్లీ డ్రిల్ చేస్తామంటారు. ఒప్పుకోకండి. వెల్డింగ్ వేడికి ఆకు వంగుతుంది, నింపిన లోహం గట్టిపడి డ్రిల్ పక్కకు జారుతుంది, రెండు హింజ్‌ల పిన్నులూ ఒకే వరుసలో నిలవవు. వరుస తప్పితే బానెట్ తెరిచిన ప్రతిసారీ ఆకు మెలితిరుగుతుంది.

ఈ పనంతా రెండు హింజ్‌లకూ కలిపి మామూలుగా రెండు మూడు వేలలో అయిపోవాలి. మిగిలిన డబ్బు కౌల్ రేకుకూ, బానెట్ ఆనే కొత్త రబ్బరు స్టాపర్లకూ పెట్టండి.

బిగించేటప్పుడు వరుస ముఖ్యం. ముందు తలుపులు సర్దాలి, తలుపులను బట్టి ఫెండర్లు, ఫెండర్లను బట్టి బానెట్. చాలామంది బానెట్‌తో మొదలుపెట్టి రోజంతా తంటాలు పడతారు. బానెట్ ముందుకూ వెనక్కూ జరగాలంటే ఎక్కువ బండ్లలో బానెట్ వైపు బోల్టులు, పైకీ కిందికీ జరగాలంటే బాడీ వైపు బోల్టులు వదులు చేయాలి. బోల్టులను చేత్తో కదిపితే జరిగేంత బిగుతులో ఉంచి, అరచేత్తో తట్టుతూ రెండు పక్కలా 4, 5 మి.మీ. సందు సమానంగా తెచ్చుకోండి. ఆ తర్వాతే స్టాపర్లు, అన్నిటికంటే చివర లాచ్. కొత్తగా బిగించిన బానెట్‌ను మొదటిసారి లాచ్ లేకుండానే మూయండి. వెనక అంచు కౌల్‌కు తగిలితే వెంటనే ఆపవచ్చు. లాచ్‌తో మూసేసి, అది ఇరుక్కుపోతే తెరవడానికి గ్రిల్ విప్పాల్సి వస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఆ కాలపు అంబాసిడర్‌లో ఎక్కువగా యూఎన్ఎఫ్ (అంగుళాల కొలత) మరలు ఉంటాయి. 5/16 యూఎన్ఎఫ్ బోల్టు మందం దాదాపు 8 మి.మీ.యే కనుక షాపులో ఎం8 (మిల్లీమీటర్ల కొలత) బోల్టు చేతికిస్తారు. రెండు చుట్లు ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది. అక్కడ స్పానర్‌తో బలం పెడితే కౌల్ లోపలి నట్టు మర పోతుంది. దాన్ని మార్చాలంటే రేకు కోయాలి. పాత బోల్టు పట్టుకెళ్లి మర సరిపోల్చి తెచ్చుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. 1967 ఫోర్డ్ ముస్టాంగ్ కొని బాగుచేసుకుంటున్నాడు. పాత హింజ్‌లు బిగుసుకుపోయాయట. పాత పద్ధతిలోనే చేసిన కొత్తవి 90 డాలర్లకూ, అల్యూమినియం బిల్లెట్‌వి (దిమ్మె నుంచి కోసినవి) 500 డాలర్ల పైమాటకూ దొరుకుతున్నాయి. “నాన్నా, ఏది కొనమంటావ్?” అని అడుగుతున్నాడు. నాకు అంబాసిడర్ తెలుసు గానీ ఈ బండి తెలియదు.
— ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: ముస్టాంగ్ హింజ్ వేరే జాతి. ఇందులో పిన్ను ఒక్కటి కాదు. కత్తెరలా మడిచే లింకులు, వాటికి నాలుగైదు రివెట్లు, బానెట్ బరువును మోసే బలమైన స్ప్రింగ్ ఉంటాయి. చాలా పాత అమెరికన్ కార్లు ఇదే పద్ధతిలో ఉంటాయి. ప్లే ఎంత ముదురుతుందో లెక్క చూడండి. రెండు పివట్‌ల (లింకులు తిరిగే చోట్లు) మధ్య దూరం 50 మి.మీ. అనుకుంటే, అక్కడ అర మిల్లీమీటరు ప్లే ఒక మీటరు దూరంలోని బానెట్ ముక్కు దగ్గర 10 మి.మీ. కదలికవుతుంది.

90 డాలర్లవాటిలో అసలు ఇబ్బంది రేకు, రివెట్, స్ప్రింగ్. రేకు పలచన, రివెట్లు కొత్తలోనే వదులు, కొన్నిటిలో స్ప్రింగ్ అసలుదానికంటే గట్టిది. స్ప్రింగ్ గట్టిదైతే మూసిన బానెట్ వెనక అంచును పైకి తోస్తూనే ఉంటుంది, కౌల్ దగ్గర మెట్టులా నిలుస్తుంది. బిగుసుకుపోయిన పాత హింజ్‌తో ఇంకా పెద్ద నష్టం. హింజ్ కదలనప్పుడు ముక్కు మీద చెయ్యేసి బలంగా నొక్కితే, హింజ్ బోల్టులకు కాస్త ముందు బానెట్ రేకు అడ్డంగా మడతపడుతుంది. అందుకే ఇప్పటి నుంచి ఆ బానెట్‌ను బలవంతంగా మూయవద్దని అబ్బాయికి ముందు చెప్పండి.

బండి మొదట ఎలా వచ్చిందో అలాగే నిలబెట్టాలన్నది అతని ఉద్దేశమైతే, ఫోర్డ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆ పాత హింజ్‌లనే బతికించమనండి. స్ప్రింగ్ విప్పి, హింజ్‌ను రెండు రోజులు డీజిల్‌లోనో, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కలిపిన ద్రావకంలోనో నానబెట్టి, కొద్దికొద్దిగా ఆడిస్తూ పోతే చాలావరకు వదులుతాయి. ఇసుక బ్లాస్టింగ్‌కు మాత్రం పంపకూడదు. రేణువులు రివెట్ సందుల్లో దూరి, నూనెతో కలిసి ఆకురాయిలా లోపలి నుంచి అరగదీస్తాయి. వైర్ బ్రష్, రసాయన తుప్పు తొలగింపు చాలు. ఆ కాలం హింజ్‌లలో చాలావాటికి నల్లటి ఫాస్ఫేట్ పూత ఉండేది. దాని మీద నూనె పట్టిస్తే అందంగానూ ఉంటుంది, అసలు రూపమూ అదే.

స్ప్రింగ్ విప్పడం ప్రమాదకరమైన పని. దాని లాగుడు బానెట్ పూర్తిగా తెరిచినప్పుడు తక్కువ, మూసేకొద్దీ ఎక్కువ. కాబట్టి తెరిచి, కింద గట్టి ఆసరా పెట్టి, కళ్లద్దాలు, చేతి తొడుగులతో విప్పాలి. స్ప్రింగ్‌ను వైస్‌లో వంచి చుట్ల మధ్య వాషర్లు ఒక్కొక్కటిగా దూరిస్తే అది సాగిన పొడవులోనే నిలిచిపోతుంది. అప్పుడు కొక్కెం తేలిగ్గా తగిలించవచ్చు. తర్వాత బానెట్ తెరిచి మూస్తుంటే వాషర్లు వాటంతటవే వదులవుతాయి. అన్నీ లెక్కపెట్టి తీసేయాలి. స్ప్రింగ్‌లకు మెరుపు కోసం క్రోమ్, జింక్ ఎలక్ట్రోప్లేటింగ్ వేయించవద్దు. యాసిడ్ తొట్టిలోనూ ప్లేటింగ్‌లోనూ గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ దూరి, అది పెళుసెక్కుతుంది. పూత వేసిన కొద్ది గంటల్లోనే సుమారు 200 డిగ్రీల దగ్గర చాలాసేపు కాల్చకపోతే ఏదో ఒక రోజు విరుగుతుంది.

ఇక 500 డాలర్లవి. వాటి పని దండగేం కాదు. 6061 రకం అల్యూమినియం దిమ్మె నుంచి కోస్తారు, పివట్‌లకు బేరింగులు లేదా బుష్‌లు ఉంటాయి, పక్క ఊపు ఉండదు. అబ్బాయి ఫైబర్ లేదా కార్బన్ బానెట్ వేస్తుంటే అవి కొనడమే సరైనది. తేలిక బానెట్‌కు పాత స్ప్రింగ్ పెడితే వెనక భాగం విల్లులా పైకి వంగుతుంది. స్ట్రట్ ఉన్న బిల్లెట్ హింజ్‌లో బానెట్ బరువుకు తగ్గ స్ట్రట్ ఎంచుకోవచ్చు. ఇంజిన్ గది అంతా కొత్తగా తీర్చి, బానెట్ తెరిచి ప్రదర్శనలో నిలబెట్టే బండికీ సమంజసమే. ఉక్కు బానెట్, రోజూ తిరిగే బండి, అసలు హింజ్‌లు బతికే స్థితిలో ఉన్నాయి అంటే మాత్రం ఆ తేడా డబ్బు బ్రేకులకు పెట్టమనండి. అసలువి విరిగిపోయి, బిల్లెట్‌కు డబ్బు చాలకపోతే, 90 డాలర్ల హింజ్‌కు పాత బండి స్ప్రింగ్‌లే తగిలించడం మధ్యే మార్గం. పాత స్ప్రింగ్ చుట్లలో తుప్పు గుంటలు లేకపోతేనే.

ప్రశ్న: నా దగ్గర పాత మహీంద్రా జీపు ఉంది. భీమిలి బీచ్‌కు దగ్గర్లో ఉంటాం. బానెట్ వెనక హింజ్ రెండేళ్లకోసారి తుప్పు పట్టిపోతోంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేయించుకుంటే శాశ్వతమా? పైగా అది ఖరీదు.
— ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: మీ విషయంలో ఖర్చు పెట్టడమే మేలు, కాకపోతే సరైన స్టీలు అడగాలి. మామూలుగా షాపుల్లో ఇచ్చేది 304 గ్రేడ్. సముద్రం పక్కన దాని మీద గోధుమ రంగు మరకలు, చిన్న గుంటలు పడతాయి. 316లో మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉంటుంది, ఉప్పును తట్టుకునేది అదే. అయస్కాంతం పెట్టి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, తేడా తెలియదు. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి.

ఆకు, పిన్ను రెండూ స్టెయిన్‌లెస్ పెడితే అవి రాసుకుని పట్టేసుకుంటాయి, తిప్పితే చిరుగుతాయి. మధ్యలో నైలాన్ లేదా కంచు బుష్ తప్పనిసరి. బాడీకి తగిలే చోట 1 మి.మీ. రబ్బరు లేదా నైలాన్ పట్టీ వేయండి. రంగు గీరుకున్న మామూలు ఇనుము మీద స్టెయిన్‌లెస్ ఆనితే, ఉప్పునీటి తడిలో తినేసేది ఇనుమునే, అంటే మీ కౌల్‌ను. అల్యూమినియం హింజ్ పెట్టినా ఇదే గొడవ, అక్కడ పొడిబారి తెల్లగా రాలేది అల్యూమినియం. హార్డ్‌వేర్ షాపులో దొరికే అల్మారా పొడవాటి హింజ్ కోసి వాడేవాళ్లున్నారు. దాని రేకు మరీ పలచన. జీపు బానెట్ తెరిచి విండ్‌షీల్డ్ మీదకు వాల్చినప్పుడు గాలి కొడితే పిన్ను గొట్టాలు విచ్చుకుంటాయి. ఆకు కనీసం 2.5 మి.మీ. ఉండాలి.

ప్రశ్న: మారుతి 800కు ఆసరా కడ్డీ తీసేసి గ్యాస్ స్ట్రట్‌లు పెట్టించుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: మా సలహా అయితే వద్దమ్మా. స్ట్రట్ బలం న్యూటన్లలో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. ఎంత కావాలో బానెట్ బరువు, స్ట్రట్ పెట్టే చోటు కలిసి నిర్ణయిస్తాయి. ఉదాహరణకు 16 కిలోల బానెట్, దాని బరువు కేంద్రం హింజ్ నుంచి అర మీటరు దూరంలో ఉందనుకోండి. 16 × 9.81 × 0.5, అంటే సుమారు 78 న్యూటన్ మీటర్లు. స్ట్రట్ గీతకూ హింజ్ పిన్నుకూ మధ్య లంబ దూరం 12 సెంటీమీటర్లైతే, రెండు స్ట్రట్‌లలో ఒక్కోదానికి దాదాపు 325 న్యూటన్లు కావాలి. బానెట్ 60 డిగ్రీలు లేచేసరికి బరువు లెక్క సగమే మిగులుతుంది. ఈ లెక్క వేయకుండా ఏ బండికైనా సరిపోతుందని అమ్మే కిట్‌లో చాలాసార్లు బలం ఎక్కువ. 800 బానెట్ తేలిక, రేకు పలచన. స్ట్రట్ బ్రాకెట్ దగ్గర రేకు పొంగుతుంది, మూసి ఉన్నప్పుడు కూడా లాచ్ మీద తోపుడు ఆగదు.

పెట్టించుకునే తీరాలనుకుంటే, బానెట్ మూసి ఉన్నప్పుడు కడ్డీ కిందికి, సిలిండర్ పైకి ఉండేలా చూడండి. లోపలి నూనె సీలు దగ్గరే నిలుస్తుంది, ఎక్కువ కాలం వస్తుంది. వాయువు బలం ప్రతి 10 డిగ్రీలకు 3 శాతం పైన మారుతుంది. ఇంజిన్ వేడిలో గట్టిగా తోసిన స్ట్రట్ డిసెంబరు తెల్లవారుజామున వదులుగా ఉండవచ్చు. ఉప్పు వల్ల కడ్డీ మీద గుంట పడితే అది సీలును కోస్తుంది, ఆ తర్వాత బానెట్ చెప్పకుండా తల మీదకు వాలుతుంది. కాబట్టి పాత ఆసరా కడ్డీని బండిలోనే ఉంచండి.

ప్రశ్న: నా ఫియట్ 50 ఏళ్లు దాటింది. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిద్దామనుకుంటున్నాను. హింజ్‌లు మారిస్తే ఇబ్బందా?
— ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: 2021లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని వాహనానికే ఆ రిజిస్ట్రేషన్. కొత్త నమోదుకు 20 వేలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించడానికి 5 వేలు. బోల్టులతో విప్పి బిగించే హింజ్ దానికదే పెద్ద మార్పు కాదు. బిల్లెట్ హింజ్ కోసం కౌల్ కోసి కొత్త బ్రాకెట్ వెల్డింగ్ చేస్తే మాత్రం బాడీని మార్చినట్టే. ఏది వేసినా పాత హింజ్‌లను నూనె పూసి, చీటీ కట్టి దాచండి.

ప్రశ్న: జాతీయ రహదారి మీద వెళ్తుంటే బానెట్ అదురుతోంది. హింజ్ వల్లేనా?
— ఒక పాఠకుడు, ఆనందపురం

జవాబు: దాదాపు ఎప్పుడూ కాదు. ముందు రబ్బరు స్టాపర్లు అణిగిపోయి ఉంటాయి, లేదా లాచ్ వదులు. స్టాపర్లను ఒక్కో చుట్టు పైకి తిప్పి, లాచ్‌ను కాస్త కిందికి దించండి. అంతకంటే ముందు చూడాల్సింది రెండో కొక్కెం. లాచ్ వదిలేసినా బానెట్‌ను పట్టి ఉంచేది అదే. దాని స్ప్రింగ్ చేత్తో లాగి వదిలితే టక్కున వెనక్కి రావాలి. రాకపోతే అది బాగయ్యేదాకా ఆ బండిని హైవే ఎక్కించకండి. లక్ష రూపాయల హింజ్ కూడా 80 కిలోమీటర్ల వేగంలో గాలికి లేచిన బానెట్‌ను ఆపలేదు.

ప్రశ్న: హింజ్‌లకు ఏ గ్రీజు వేయాలి?
— ఒక పాఠకుడు, అల్లిపురం

జవాబు: పిన్నులకు ముందు పలచటి నూనె, అది లోపలికి దిగాక పైన తెల్ల లిథియం గ్రీజు పలచగా. చిక్కటి గ్రీజు ఒక్కటే రాస్తే బయటే ఉండిపోయి బీచ్ ఇసుకను పట్టుకుంటుంది. గ్యాస్ స్ట్రట్ కడ్డీకి ఏమీ రాయకండి, తడి గుడ్డతో తుడిస్తే చాలు. ఏడాదికి రెండుసార్లు సరిపోతుంది. జూన్‌లో వానలకు ముందు ఒకటి, అక్టోబరు–నవంబరు తుపాన్లు తగ్గాక ఇంకొకటి. ఆ రెండోసారి కౌల్ గాడిలోని ఆకులు తీసి, ఒక చెంబు నీళ్లు పోసి కిందకు కారుతున్నాయో లేదో చూడండి.